పాత జీపుకి కొత్త హంగులు: ఎక్కడ తేడా కొడుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పాత గోడౌను వెనకాల, పిచ్చిచెట్ల మధ్య, టైర్లలో గాలి పోయి నేలకి అతుక్కుపోయిన జీపు కనబడితే ఆగి చూడకుండా వెళ్లలేనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లెక్కల్లో ఇది పావు టన్ను ట్రక్కు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా దీన్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. విల్లీస్, సీజే త్రీ బీ, ఆ తర్వాత డీజిల్ ఇంజన్ల ఎమ్‌ఎమ్ 540 — ఇలాంటివి కొని, సెలవు రోజుల్లో సొంతంగా బాగుచేసుకునే సరదా ఈమధ్య బాగా పెరిగింది. మంచి సరదా. కాకపోతే ఇందులో డబ్బూ పోతుంది, అప్పుడప్పుడు ప్రాణం మీదికీ వస్తుంది. ఒక భాగం మార్చినప్పుడు దాని పక్కనున్న భాగం సంగతి చూడకపోవడమే దాదాపు అన్ని ప్రమాదాలకీ మూలం.

ముందు కాగితాలు. బండి నచ్చింది కదా అని అడ్వాన్సు ఇచ్చేయకండి. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరూ, ఇంజన్ నంబరూ బండి మీద ఉన్న నంబర్లతో అంకె అంకె సరిపోవాలి. చాసిస్ నంబరు దగ్గర తుప్పు గోకి, తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు కనబడితే ఆ బండి జోలికి పోవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడానికి లేదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, పని అయ్యాక ఆర్‌సీలో రాయించుకోవాలి. "అందరూ చేస్తున్నారు కదా" అన్న మాట ప్రమాదం జరిగాక బీమా కంపెనీ ముందు పనికిరాదు.

రంగు విషయంలోనూ ఒక చిక్కుంది. పాత జీపు అనగానే సైనిక ఆకుపచ్చ వేయాలని చాలామందికి ఉంటుంది. కానీ కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. మీరు వేలల్లో ఖర్చుపెట్టి వేయించిన రంగుని మళ్లీ గోకించాల్సి వస్తుంది. బండి 50 ఏళ్లు దాటినదైతే, 2021లో వచ్చిన నియమాల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు వస్తాయి. అయితే చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చిన బండికి ఆ గుర్తింపు దొరకదు. కాబట్టి వింటేజ్ కావాలా, మార్పులు కావాలా అన్నది మొదటి బోల్టు విప్పకముందే తేల్చుకోవాలి.

ఇక ఇనుము దగ్గరికి వద్దాం. పైన మెరిసే రంగు చూసి మోసపోవద్దు. చిన్న సుత్తి తీసుకుని చాసిస్ పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. బండి బరువు మోసే ఉక్కు ఆకుల స్ప్రింగులు, అంటే కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, అడ్డపట్టీలు కలిసేచోట, వెనక కొస దగ్గర ఎక్కువసేపు చూడండి. బాడీ మీద ఒక అయస్కాంతం జరుపుతూ పోతే పుట్టీ మందంగా నింపినచోట అది పట్టుకోకుండా జారిపోతుంది. తుప్పు మీద రేకు అతికించి వెల్డింగ్ చేయించడం డబ్బు దండగ. తుప్పు తిన్న భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, బాడీకైతే 18 గేజి, ఫ్లోరుకైతే 16 గేజి రేకు కొత్తగా వేయించాలి. లేకపోతే రెండు రేకుల మధ్య నీరు నిలిచి రెండు వానాకాలాలు తిరిగేసరికి మళ్లీ అదే కథ.

వెల్డింగ్ అనగానే పెట్రోలు ట్యాంకు సంగతి చెప్పి తీరాలి. విల్లీస్‌లోనూ సీజే త్రీ బీలోనూ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఫ్లోరుకి వెల్డింగ్ చేసే మనిషికీ ట్యాంకుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవడమే పెద్ద పొరపాటు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. ఏళ్ల తరబడి ఎండిపోయిన ట్యాంకులో కూడా గోడలకి అంటిన జిగురు, వేడికి ఆవిరవుతుంది. అందుకని వెల్డింగ్ సెట్టు ఆన్ చేయకముందే ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టండి, పైపు మూతులు బిగించండి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పెట్టిన బండైతే దాని కనెక్షన్ కూడా తీయాలి, లేకపోతే లోపలి డయోడ్లు కాలిపోతాయి. కారుతున్న పాత ట్యాంకుకి మాత్రం ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. కొత్తది చేయించడం మేలు.

చక్రాలు విప్పేటప్పుడు జరిగే నష్టం ఒకటి ఎందరో చూసే ఉంటారు. పాత విల్లీస్ జీపులకి ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మర. అంటే మామూలుగా బిగించేవైపు తిప్పితే ఊడతాయి. ఈ సంగతి తెలియని కుర్రాడు స్పానరుకి నాలుగడుగుల పైపు తగిలించి బలమంతా పెడతాడు, స్టడ్ మొదట్లో తెగి చేతికొస్తుంది. స్టడ్ కొస మీద గానీ నట్టు మీద గానీ ఎల్ అక్షరం ఉందేమో ముందే చూడండి. మరో సంగతి, విల్లీస్ బోల్టులు అంగుళాల మరలు, తర్వాత వచ్చిన ఇంజన్లవి మిల్లీమీటర్ల మరలు. రెండూ ఒకే డబ్బాలో పోసేస్తే ఏదో ఒకటి చూడటానికి పట్టినట్టే పట్టి, రెండు చుట్లు తిరిగి మర చెడగొడుతుంది. విప్పిన చోటుకో సంచి, దాని మీద పేరు. ఈ పని రోజుకి పది నిమిషాలు తింటుంది, చివర్లో నెల రోజులు మిగులుస్తుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన పని, బండిని ఎత్తు చేయడం. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎత్తు కోసం చవకైన దారి పొడవైన షాకిళ్లు. షాకిల్ అంటే కమాన్ కట్ట ఒక కొసని చాసిస్‌కి వేలాడదీసే పట్టీ. ఉన్నదానికన్నా రెండు అంగుళాలు పొడవైనది వేస్తే బండి లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే రెండో కొస కదలదు. కానీ ఆ కట్ట మొత్తం వాలిపోతుంది. ముందు కమాన్ కట్ట పొడవు సుమారు 36 అంగుళాలు. అందులో రెండు అంగుళాల వాలు అంటే మూడు డిగ్రీలు. ఈ జీపుల్లో ముందు కట్టలకి షాకిల్ ముందు కొసన ఉంటుంది, అందుకని ఇరుసు పైభాగం ముందుకి వాలుతుంది. ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉండే కోణాన్ని క్యాస్టర్ అంటారు, తయారీదారు ఇచ్చిన ఆ కోణమే మూడు డిగ్రీలు. స్టీరింగ్ తిప్పి వదిలేస్తే చక్రాలు వాటంతట అవే సూటిగా రావడానికి ఆ కోణమే కారణం. మీ కొత్త షాకిళ్లు దాన్ని మొత్తంగా మింగేశాయి.

ఫలితం ఎలా ఉంటుందంటే, ఊళ్లో 30 వేగంలో బండి బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 50 దాటగానే రోడ్డు మీద అటూ ఇటూ ఈదుతుంది. చక్రాలని పక్కకి తిప్పే కీళ్లైన కింగ్ పిన్ బేరింగుల్లోనో, టై రాడ్ ఎండుల్లోనో, మధ్యలో ఉండే బెల్ క్రాంకులోనో కాస్త లూజు ఉంటే చాలు, ఒక చిన్న గుంత తగిలి స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేంతగా వణుకుతుంది. అప్పుడు చాలామంది చక్రాల బ్యాలన్సింగ్ చేయించి, వణుకుని అణిచే డాంపర్ కొని, డబ్బులు పోసుకుంటారు. రోగం ఒకచోట, మందు ఒకచోట. చేయాల్సింది ముందు లూజు తీయడం, తర్వాత పోయిన కోణం తిరిగి తేవడం. కమాన్ కట్టకీ ఇరుసుకీ మధ్య మూడు డిగ్రీల ఇనుప చీలిక వేయాలి. కట్ట ఇరుసు కింద ఉండే బండ్లలో చీలిక మందం వైపు ముందుకి రావాలి. తిరగేసి పెడితే ఉన్న జబ్బు రెట్టింపవుతుంది. చీలిక వేసినప్పుడు సెంటర్ బోల్టు కూడా పొడవైనది కావాలి. దాని తల ఇరుసు గుంటలో సరిగ్గా కూర్చోకపోతే బ్రేకు వేసినప్పుడు ఇరుసే పక్కకి జరుగుతుంది. కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలబెట్టుకోదు.

ఇంకొందరు కట్టలో అదనంగా రెండు ఆకులు వేయిస్తారు. బండి లేస్తుంది, నిజమే. కానీ కట్ట బిర్రబిగిసి గుంత దెబ్బంతా చాసిస్‌కి చేరుతుంది. కొన్నాళ్లకి బ్రాకెట్ల దగ్గర చాసిస్ చీలుతుంది. ఎత్తు కావాలంటే ఆ బండి బరువుకి తగ్గట్టు వంపు వేసిన కొత్త కట్టలు చేయించుకోవడమే సరైన దారి.

ఎత్తు చేశాక పెద్ద టైర్లు. మామూలు 6.00-16 టైరు ఎత్తు దాదాపు 28.5 అంగుళాలు. దాని స్థానంలో 31 అంగుళాలది వేస్తే చక్రం సుమారు 9 శాతం పెరిగింది. స్పీడోమీటరు 60 చూపించేటప్పుడు మీరు 65లో పోతున్నారు. అంతకన్నా పెద్ద సంగతి, బ్రేకు పట్టు కూడా దాదాపు ఆ మేరకు తగ్గింది. విల్లీస్ కాలపు జీపులకి ఉన్నవి 9 అంగుళాల బ్రేకు డ్రమ్ములు. పైగా అన్ని చక్రాలకీ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే లైను. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి పెద్ద టైర్ల బిల్లులో పెద్ద బ్రేకుల బిల్లు కూడా కలిపి లెక్కవేయండి. పెద్ద డ్రమ్ములో, ముందు డిస్కులో, రెండు లైన్ల మాస్టర్ సిలిండరో. పైపుకి రాగి వాడొద్దు, వణుకుకి అలసి విరుగుతుంది. బండీ అనే రకం ఉక్కు పైపు వేసి, కొసలని రెండు మడతలుగా వెడల్పు చేయించాలి, దాన్నే డబుల్ ఫ్లేరు అంటారు. బ్రేకు సిలిండర్లో ఇంజన్ ఆయిలు గానీ స్టీరింగ్ ఆయిలు గానీ ఒక్క చెంచా పడినా లోపలి రబ్బర్లు ఉబ్బి పెడలు పైకి రాకుండా పట్టేస్తుంది. బ్రేకుల్లో పోసే డాట్ త్రీ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడలు మెత్తబడడానికి అదొక కారణం. రెండేళ్లకోసారి మార్చండి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడివైపు స్టీరింగ్ బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఆ వరసలో.

ఇంజన్ మార్చడం సరదాల్లో పెద్ద సరదా. కోర్టు మాట, ఆర్‌సీ మాట ముందే చెప్పుకున్నాం. అనుమతి దొరికినా లెక్క వేసుకోవలసింది ఇంకా ఉంది. పాత జీపు వెనక ఆక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు, చాలావాటిలో 5.38. మామూలు టైర్లతో టాప్ గేరులో 60 వేగానికి ఇంజన్ నిమిషానికి దాదాపు 2,450 చుట్లు తిరగాలి. నిదానంగా తిరిగే డీజిల్ ఇంజన్ పెడితే అక్కడికే గోల పెడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు, ఆటోనగర్‌లో 4.88 నిష్పత్తి ఉన్న ఆక్సిల్ హౌసింగ్ దొరికిందని వెనకది మాత్రం మార్చేస్తారు. రెండు చక్రాలతో నడిపినన్నాళ్లూ ఏమీ తెలియదు. వానలో బురద దాటడానికి ఫోర్ వీల్ వేసి, ఆ తర్వాత తీయడం మరిచి తారు రోడ్డెక్కితే, ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగబోయి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. షాఫ్టు కీలులో ఉండే యూజే క్రాసో, ఆక్సిల్ షాఫ్టో, ముందూ వెనకా చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లో ఏదో ఒకటి విరగాల్సిందే. హౌసింగ్ కొనేముందు షాపులోనే పరీక్ష చేయండి. రెండు చక్రాలూ లేపి, రెంటినీ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. షాఫ్టు ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైన తిరిగితే 5.38, ఐదు చుట్లకి కాస్త లోపు ఆగితే 4.88. ముందూ వెనకా రెండూ ఒకటే ఉండాలి.

కరెంటు పని చివరికి చేస్తారు కాబట్టి ఓపికలేక చేస్తారు. రంగు కొత్తగా వేసిన చాసిస్ మీద ఎర్త్ వైరు బిగిస్తే అది రంగుని పట్టుకుంటుంది, ఇనుముని కాదు. స్టార్టర్ నొక్కగానే వందకి పైగా ఆంపియర్లు దారి వెతుక్కుంటూ చోకు కేబులు, ఏక్సిలరేటర్ కేబులు గుండా పోతాయి. కేబులు ఎర్రగా కాలి, పై తొడుగు కరిగి, పక్కనే పెట్రోలు పైపు. ఇంజన్ నుంచి చాసిస్‌కి ఒకటి, బాడీ నుంచి చాసిస్‌కి ఒకటి మందపాటి ఎర్త్ పట్టీలు వేయండి. వేసేచోట రంగు గోకి, బిగించాక గ్రీజు పూయండి.

హెడ్‌లైట్లకి 60/55 వాట్ల బల్బులు చాలు. రెండూ కలిపి 12 వోల్టుల మీద పది ఆంపియర్లు. అదైనా పాత స్విచ్చి గుండా పంపొద్దు, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే రిలే పెట్టండి. 30వ కాలికి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు దాటి వైరు, 87 నుంచి బల్బులకి, 86కి స్విచ్చి వైరు, 85 ఎర్త్. వైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్లకి తగ్గొద్దు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. డాష్‌బోర్డు కింద పెట్టిన ఫ్యూజు అక్కడిదాకా వచ్చే వైరుని కాపాడదు.

అన్నీ అయ్యాయి. మొదటి రోజే తీర్థయాత్రకి బయలుదేరకండి. ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో నాలుగైదుసార్లు బ్రేకు వేసి బండి ఏవైపు లాగుతోందో చూడండి. ఐదు కిలోమీటర్లు తిరిగొచ్చి నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేయి చూపించండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికన్నా సెగ ఎక్కువ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. సెగ ఏమీ తగలనంత చల్లగా ఒకటుంటే అక్కడ బ్రేకే లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులూ చక్రాల నట్లూ మళ్లీ బిగించండి. కొత్త యూ బోల్టులు ఆ మొదటి వందలోనే కాస్త సర్దుకుంటాయి, ఐదు వందల దగ్గర ఇంకోసారి చూస్తే సరిపోతుంది.

నమస్కారం.