బ్లాకు శాతం చెప్పని సంగతి

అందరికీ నమస్కారం. నల్లగొండలో గుండె మాటెత్తితే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "సార్, మా నాయినకు డెబ్బై పర్సెంట్ బ్లాక్ ఉందంటున్నరు, స్టంట్ ఎయ్యాల్నా?" శాతం వినగానే గుండె జారుతుంది. కానీ అది సగం సంగతే. సాగర్ ఎడమ కాలువలో పూడిక ఎంత మందాన ఉందని రైతు అడగడు, చివరి ఆయకట్టుకు నీళ్లు అందుతున్నయా అనే అడుగుతాడు.

డాక్టర్లు కొలిచేదీ అదే. ఇరుకు దాటాక ఉన్న రక్తపు ఒత్తిడిని ఇరుకుకు ముందున్న ఒత్తిడితో భాగిస్తే వచ్చేది ఎఫ్‌ఎఫ్‌ఆర్. అది 0.80 కంటే ఎక్కువుంటే చాలామందికి మందులతోనే గడుస్తుంది. ఇది నిలకడగా ఉన్న జబ్బు సంగతి సుమా. ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే లెక్కలు లేవు, సోడాలు లేవు, వెంటనే 108కి ఫోన్ చేయడమే.

మామూలుగా ఈ అంకె కోసం మణికట్టు నుంచో తొడ నుంచో సన్నటి తీగను గుండె నాళం దాకా పంపుతారు. ఇప్పుడు సీటీ స్కాన్‌తోనూ అంచనా కట్టొచ్చు. ఆ మనిషి నాళాల ఆకారాన్నే కంప్యూటర్ త్రీడీలో గీస్తుంది, ద్రవాలు పారే సూత్రాలతో ఒత్తిడి ఎక్కడ ఎంత పడిపోతుందో లెక్కగడుతుంది. స్కాన్‌లో నాళాల అంచులు గుర్తుపట్టడానికి మెషిన్ లెర్నింగ్, అంటే పాత ఉదాహరణలు చూసి కంప్యూటర్ నేర్చుకునే పద్ధతి, సాయపడుతుంది. అమెరికాలో ఈ పద్ధతికి 2014లోనే అనుమతి వచ్చింది. మన మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో నడుమూ మోకాళ్లూ బిగుసుకుపోయిన పెద్దమనిషిని గుండె పరీక్షకని ట్రెడ్‌మిల్ మీద నడవమంటే ఎట్లా? పడుకోబెట్టి చేసే పరీక్షలే ఆయనకు దిక్కు. కాకపోతే నాళాల్లో కాల్షియం బాగా పేరుకుంటే సీటీ బొమ్మ చెదిరిపోతుంది, లెక్క మీద నమ్మకమూ తగ్గుతుంది.

రక్తం పారే సూత్రం ఏ ఊళ్లోనైనా ఒకటే. ఎవరికి ఎప్పుడు అటాక్ వస్తుందో చెప్పే అంచనాలు అట్లా కాదు, అక్కడే నాకు అనుమానం. వాటికి పునాది వేసిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1948లో అమెరికాలోని ఒక్క ఊళ్లో, 5,209 మందితో మొదలైంది. దాదాపు అందరూ తెల్లవాళ్లే. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనమేమో దక్షిణాసియా వాళ్లకు మొదటి అటాక్ మిగతావాళ్ల కంటే ఐదారేళ్లు ముందే వస్తోందని చూపింది. ఆ తెల్లవాళ్లను చూసి నేర్చుకున్న యంత్రం మన నలభై ఏళ్ల లారీ డ్రైవర్‌ను "రిస్క్ తక్కువ" అని ఇంటికి పంపితే తప్పెవరిది?

మనల్ని చూసి నేర్పిద్దామంటే మన రికార్డులేవి? పాలమూరు నుంచి పనికి పోయినాయన కాగితాలు పుణెలో ఒకటి, ముంబైలో ఒకటి. ఈసీజీ తీసేది వేడికి నల్లబడే కాగితం మీద, కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని ఒకాయన లామినేషన్ చేయించి తెచ్చిండు, చూస్తే మొత్తం బొగ్గు! తీసిన రోజే పేరు, తేదీ కనబడేట్టు ఫోన్‌లో ఫొటో కొట్టి పెట్టుకోండి.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. రేపు అటాక్‌ను అంచనా కట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ అమ్ముతామని ఎవరైనా వస్తే ధర తర్వాత అడగొచ్చు. ముందుగా మన జిల్లా రోగుల పాత ఈసీజీలు (ఆ తర్వాత ఆ రోగులకేమైందో మనకు తెలిసినవి) పేర్లు తీసేసి, అమ్మవచ్చినవాళ్ల ముందు పెట్టి, ఏమవుతుందో చెప్పమనాలి.