ఏఐజీ కూలినప్పుడు వాచ్‌మన్ ఎక్కడున్నాడు?

[తెర మీద: 2008 సెప్టెంబర్ 16. 85 బిలియన్ డాలర్లు]

అమెరికా ఇన్సూరెన్స్ దిగ్గజం ఏఐజీ మాటెత్తితే చాలు, "ఆ కంపెనీని అడిగే నాథుడు లేడు, అందుకే మునిగింది" అనేస్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగే నాథులు బోలెడు మంది ఉన్నారండీ! అమెరికాలో దాని పిల్ల కంపెనీల మీద న్యూయార్క్, టెక్సస్, పెన్సిల్వేనియా ఇలా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు ఇన్సూరెన్స్ శాఖ ఉంది. గ్రూపు మొత్తానికి వాషింగ్టన్‌లో ఇంకో ఆఫీసు. ఇంతమంది ఉండి కూడా 85 బిలియన్ డాలర్లతో మొదలైన ప్రభుత్వ సాయం చివరికి 182 బిలియన్ల దాకా వెళ్లింది.

ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. యాభై ఫ్లాట్లు. ప్రతి ఫ్లాట్‌కీ సొంత వాచ్‌మన్. తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, లోపల బీరువాకి తాళం పడిందా లేదా చూస్తాడు. టెర్రస్ మీద గది మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేదు. ఆ గదిలో ఎవరో దీపావళి టపాసులు లారీల కొద్దీ నింపారు.

ఆ గది పేరు ఏఐజీ ఫైనాన్షియల్ ప్రొడక్ట్స్. ఆఫీసు కనెక్టికట్‌లో, వ్యాపారం ఎక్కువగా లండన్ నుంచి. హోమ్ లోన్ల మీద పుట్టిన బాండ్లు మునిగితే మేం కడతాం అని బ్యాంకులకు రాసిచ్చింది. చేసే పని అచ్చం ఇన్సూరెన్సే. కాగితం మీద పేరు మాత్రం క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్. ఇన్సూరెన్స్ అంటే రేపు కట్టాల్సి వస్తుందని కొంత డబ్బు (రిజర్వు) పక్కన పెట్టాలి, స్వాప్ అంటే అక్కర్లేదు. పైగా 2000లో యూఎస్ కాంగ్రెస్ (మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు) ఇలాంటి ఒప్పందాలను చాలావరకు నిఘాకు అందకుండా చేస్తూ చట్టం కూడా చేసింది.

మరి వాషింగ్టన్ ఆఫీసు? అది ఆఫీస్ ఆఫ్ థ్రిఫ్ట్ సూపర్‌విజన్. పొదుపు బ్యాంకులను చూసుకోవడం దాని పని. ఏఐజీకి ఓ చిన్న పొదుపు బ్యాంకు ఉండబట్టి, దేశదేశాల్లో అల్లుకున్న గ్రూపంతా దీని ఖాతాలో పడింది. లిఫ్ట్ చూసుకునే అబ్బాయి చేతిలో టెర్రస్ తాళం పెట్టారన్నమాట.

"మా ఫ్లాట్లలో ఏం పోలేదు" అని రాష్ట్రాల వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అది సగమే నిజం. ఏఐజీ లైఫ్ కంపెనీలు తమ బాండ్లను బయటివాళ్లకు అరువిచ్చి, హామీగా తీసుకున్న నగదును మళ్లీ ఆ హోమ్ లోన్ బాండ్లలోనే పెట్టాయి. నగదు వెనక్కివ్వమన్న రోజున డబ్బు లేదు. నష్టం 20 బిలియన్లు దాటింది. అవి రాష్ట్రాల నిఘాలో ఉన్న కంపెనీలే. అంటే టపాసులు కొన్ని ఫ్లాట్ల వంటిళ్లలోకి కూడా చేరాయి, వాచ్‌మన్ మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

సరే, మొత్తానికి ఒకే వాచ్‌మన్‌ను పెట్టుకోవచ్చుగా? మనకు అది తేలికైంది. రాజ్యాంగంలో ఇన్సూరెన్స్ కేంద్ర జాబితాలో ఉంది. 1956లో లైఫ్, 1972లో జనరల్ జాతీయం చేశాక వ్యాపారమే కేంద్రం చేతిలోకి వచ్చింది. 1999లో చట్టం చేసి ఇన్సూరెన్స్ మీద నిఘాకు ఐఆర్‌డీఏ పెట్టారు, ఇప్పుడది మన హైదరాబాద్‌లోనే ఉంది. అమెరికాలో కథ వేరు, నాకు భలే ఇష్టమైన కథ.

[తెర మీద: 1869, పాల్ వర్సెస్ వర్జీనియా]

పాల్ అనే ఏజెంట్ లైసెన్స్ లేకుండా వర్జీనియాలో న్యూయార్క్ కంపెనీల ఫైర్ పాలసీలు అమ్మి జరిమానా వేయించుకున్నాడు. కేసును సుప్రీంకోర్టు దాకా నడిపించింది ఇన్సూరెన్స్ కంపెనీలే. రాష్ట్రానికో రూలు భరించలేక, కేంద్రం కిందికి పోదామని వాళ్ల ఆశ. పాలసీ అమ్మడం వాణిజ్యమే కాదంది కోర్టు. ఇక రాష్ట్రాలదే రాజ్యం. 1871లో రాష్ట్రాల కమిషనర్లు ఒక సంఘం పెట్టుకున్నారు, అదే నేటి ఎన్‌ఏఐసీ.

1944లో కోర్టు మాట మార్చింది. ఈసారి కంపెనీలు కూడబలుక్కుని రేట్లు పెట్టాయన్న కేసు. ఇన్సూరెన్స్ కూడా వాణిజ్యమే, కేంద్ర చట్టం వర్తిస్తుందంది. 75 ఏళ్ల కింద కేంద్రమే కావాలన్న పరిశ్రమ ఇప్పుడు రాష్ట్రాలతో కలిసి యూఎస్ కాంగ్రెస్ తలుపు తట్టింది. ఏడాదిలోపే, 1945లో, మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం వచ్చి అధికారం మళ్లీ రాష్ట్రాలకు వెళ్లింది. సూత్రాలూ సిద్ధాంతాలూ ఏం లేవు, ఏ వాచ్‌మన్ కాస్త కునుకు తీస్తాడో వాడే ముద్దు!

రాష్ట్రాలూ వదులుకోవు. ప్రీమియం మీద పన్ను వాళ్లకే వస్తుంది. కాలిఫోర్నియాలోనైతే 1990 నుంచి కమిషనర్‌ను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు.

టైమ్ అయిపోతోంది, స్పీడ్‌గా వెళ్తాను. 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం ఆ థ్రిఫ్ట్ ఆఫీసును ఎత్తేసింది. వాషింగ్టన్‌లో ఫెడరల్ ఇన్సూరెన్స్ ఆఫీస్ పెట్టింది, కానీ దానికి లైసెన్స్ ఇచ్చే అధికారం లేదు. 2013లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు ముప్పులను కనిపెట్టే అంతర్జాతీయ సంస్థ ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు, పడిపోతే ప్రపంచానికే ముప్పన్న 9 ఇన్సూరెన్స్ గ్రూపుల జాబితా ప్రకటించింది. అమెరికాలో అలాంటి ముద్రే వేస్తే మెట్‌లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టుకెక్కి 2016లో గెలిచింది. 2022లో ఆ ప్రపంచ జాబితానే ఆపేశారు. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎంత సొంత డబ్బు ఉండాలో చెప్పే సాల్వెన్సీ 2 రూల్సును యూరప్ 2016 నుంచి అమలు చేస్తోంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ దాన్ని కొంత సడలించుకుంది. 2024 డిసెంబర్‌లో అంతర్జాతీయ క్యాపిటల్ ప్రమాణం ఖరారైంది, అమెరికా మాత్రం తన లెక్క తనదే అని పక్కకు జరిగింది. అది నాకు మింగుడుపడలేదు, కానీ దానికే ఇంకో వీడియో కావాలి.

డాలస్, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. కారు, ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆపితే వాషింగ్టన్‌కు రాయకండి, మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు రాయండి. కంపెనీ ఇచ్చే హెల్త్ ప్లాన్ అయితే, అది మీ కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లానా అని ముందు హెచ్‌ఆర్‌ను అడగండి. అలాంటి ప్లాన్లు 1974 నాటి ఎరిసా చట్టం కిందికి వస్తాయి. అక్కడ రాష్ట్రం చేయగలిగింది పెద్దగా ఉండదు, కేంద్ర కార్మిక శాఖకు వెళ్లాలి.