బోనుకు చిక్కని పిల్లి

శ్రోతలకు నమస్కారం.

వీధి పిల్లుల సంతతి పెరగకుండా చూసే పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. బోను పెట్టి పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, పనిలో పనిగా రేబీస్ టీకా వేయించాలి, పట్టిన చోటే వదిలేయాలి. అంతే. పూనుకున్నవాళ్లు సగానికి పైగా పిల్లులకు చేయించేస్తారు కూడా. ఆ తర్వాత ఒకటో రెండో ఆడపిల్లులు బోను దరిదాపులకు రావు. "పోనీలే, ఇన్నింటికి చేయించాం కదా" అని పని అక్కడ ఆగిపోతుంది. ఇవాళ చెప్పబోయేది ఆ మిగిలిపోయిన పిల్లి గురించే.

దాన్ని వదిలేస్తే ఏమవుతుంది? ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. చూలు నిండడానికి తొమ్మిది వారాలు చాలు. ఈతకు సగటున నాలుగు కూనలు. అవి పాలు మానకముందే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. కూనలన్నీ బతకవు, నిజమే. బతికిన ఆడకూనలు మాత్రం ఏడాది తిరక్కుండానే తల్లులవుతాయి. మగవాటికి చేయించాం కదా అంటారా? ఏ పక్క వీధి నుంచో ఒక్క గండుపిల్లి గోడ దూకి వస్తే చాలు. పైగా ఆపరేషన్ అయిన గండుపిల్లికి కూడా కొన్ని వారాలపాటు కడుపు చేసే శక్తి మిగిలే ఉంటుంది. అందుకని లెక్క ఆడపిల్లులతోనే చూసుకోవాలి.

అన్నింటినీ పట్టుకెళ్లి దూరంగా వదిలేయొచ్చు కదా అని కొందరికి అనిపిస్తుంది. తిండీ నీడా ఉన్న చోటు ఖాళీగా ఉండదు, చుట్టుపక్కల పిల్లులు వచ్చి చేరతాయి. తీసుకెళ్లినవి కొత్త చోట తిండి వెతుక్కోలేక, అక్కడి పిల్లులతో నెగ్గలేక చచ్చిపోవచ్చు. అది సంఖ్య తగ్గించడం కాదు, కళ్లముందు నుంచి తప్పించడం.

సరే, బోను దగ్గరికి వద్దాం. బోను కంటే ముందు వేళ కుదరాలి. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి తిండి పెట్టి, అరగంట తర్వాత మిగిలింది తీసేయాలి. పది పదిహేను రోజులు ఇలా జరిగితే పిల్లులు గడియారం చూసినట్టు వస్తాయి. ఎన్ని ఉన్నాయో, ఏది చూలుతో ఉందో, దేని పొదుగు పాలతో దిగి ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆపరేషన్ తేదీ పశువుల డాక్టరు దగ్గర ఖాయం చేసుకున్నాకే బోను బయటికి తీయాలి. పట్టే ముందు రోజు తిండి పూర్తిగా ఆపాలి. నీళ్లు మాత్రం ఉంచాలి. ఆకలితో ఉంటేనే బోనులోకి వస్తుంది, కడుపు ఖాళీగా ఉంటేనే మత్తులో వాంతి చేసుకునే ప్రమాదం తగ్గుతుంది. ఆ రోజు ఎవరో ఒకరు జాలిపడి గిన్నె పెట్టారనుకోండి, బోనులన్నీ ఖాళీ. వీధిలో తిండి పెట్టేవాళ్లందరికీ ముందే చెప్పాలి. వేళ కుదరాలంటే పిల్లుల కంటే ముందు మనుషులు కుదరాలి.

బోను అంటే రెండున్నర, మూడడుగుల పొడవుండే తీగ పెట్టె. లోపల వెనకవైపు ఒక రేకు ఉంటుంది. దాని మీద కాలు పడగానే తలుపు పడిపోతుంది. రేకు కనపడకుండా అడుగున వార్తాపత్రిక పరచాలి. వాసన గట్టిగా వచ్చే చేప ముక్కను రేకుకు అవతల, వెనక కొసన పెట్టాలి. ఎర రేకుకు ఇవతల పడితే పిల్లి తినేసి వెళ్లిపోతుంది, తలుపు పడదు. నేల మిట్టపల్లాలుగా ఉంటే బోను ఊగుతుంది. కాలికింద ఊగితే పిల్లి వెనక్కి దూకేస్తుంది.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత. తలుపు పడే చప్పుడు ఒకసారి విన్న పిల్లి అలా ఉండదు. బోను ముందు నిలబడుతుంది. మెడ సాచుతుంది. వెనక కాళ్లు బయటే ఉంచి, ముందు కాళ్లతో ఒక్క అడుగు లోపలికి వేసి, అందినంత నాకి, అలాగే వెనక్కి జరుగుతుంది. దీనికి మొదటి ఉపాయం ఓపిక. తలుపు పడకుండా తాడుతో కట్టేసి, వారం పది రోజులు ఆ బోనులోనే తిండి పెట్టడం. గిన్నెను రోజుకు కాస్త చొప్పున లోపలికి జరపడం.

అప్పటికీ రాకపోతే వాలుబోను చేయించుకోవాలి. మూడడుగుల చదరం, అడుగు ఎత్తున్న చెక్క ఫ్రేము, పైనా చుట్టూ వల, ఒక పక్క పైకి లేచే చిన్న తలుపు. ఒక అంచును కర్రతో ఎత్తి పెట్టి, కర్రకు తాడు కట్టి, పదిహేను ఇరవై అడుగుల దూరంలో కూర్చోవాలి. తిండి బాగా లోపల పెట్టాలి. పిల్లి వస్తుంది, ఒక ముక్క తీసుకుని తల ఎత్తి చూస్తుంది. అప్పుడు లాగకూడదు. రెండోసారి తల వంచి, ఒళ్లంతా లోపల ఉండి, నింపాదిగా తింటున్నప్పుడు ఒక్క ఊపున లాగాలి. అంచు కింద తోకగానీ, పక్కన మరో పిల్లిగానీ ఉంటే ఆగాలి. ఫ్రేము పడగానే ఒకరు దాన్ని నేలకు నొక్కిపట్టాలి, ఇంకొకరు మందపాటి దుప్పటి కప్పాలి. కప్పడం ఆలస్యమైతే పిల్లి వలకు కొట్టుకుని ముక్కు చీరుకుంటుంది. దుప్పటితో లోపల చీకటి కాగానే నిమ్మళిస్తుంది. తర్వాత మామూలు బోనును చిన్న తలుపుకు ఆనించి, రెండు తలుపులూ ఎత్తి, బోను వెనక కొసకు వెలుతురు తగలనివ్వాలి. అటే దారి అనుకుని దూసుకెళుతుంది. చేత్తో పట్టే ప్రయత్నం ఎప్పుడూ వద్దు. కరిచినా, రక్కినా ధారగా పడే నీళ్లు, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆపరేషన్ సంగతి పశువుల డాక్టరు చూసుకుంటారు. రెండు మాటలు మాత్రం మనం అడగాలి. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస సుమారు సెంటీమీటరు అడ్డంగా కత్తిరించమనాలి. ఆపరేషన్ అయిన పిల్లి అని దూరం నుంచే తెలిసే గుర్తు అదే. గుర్తు లేకపోతే అదే ఆడపిల్లిని మళ్లీ పట్టి, మళ్లీ మత్తిచ్చి, పొట్ట కోసి చూసే పరిస్థితి రావచ్చు. పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి ముందే చెప్పి, పూర్తిగా తేరుకోగానే అదే రోజు వదిలే ఏర్పాటు చేయాలి. కూనలు దాని కోసం ఎక్కడో చూస్తుంటాయి. కూనలు కిలో బరువు, రెండు నెలల వయసు దాటితే వాటికీ చేయించవచ్చు. వాటిని మాత్రం రాత్రంతా పస్తు ఉంచకూడదు.

ఆపరేషన్ తర్వాత బోనులోనే, దుప్పటి కప్పి, చలిగాలి తగలని చోట ఉంచాలి. మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి, కంగారు పడొద్దు. తల నిలబెట్టాక, తూలకుండా లేచాక తిండి పెట్టాలి. మగపిల్లిని ఒక రాత్రి, ఆడపిల్లిని ఒకటి రెండు రాత్రులు ఉంచితే చాలు. రక్తం ఆగకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, గంటలు గడిచినా లేవకపోయినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

వదిలేటప్పుడు బోను మూతి రోడ్డు వైపు ఉండకూడదు, భయంతో వాహనాల కిందికి పరుగెత్తుతుంది. రెండు మూడు రోజులు కనిపించకపోవచ్చు. మీరు మాత్రం పాత వేళకే గిన్నె పెట్టండి. ఎప్పటికైనా ఆ గిన్నె దగ్గరికి చెవి కొస తెగని పిల్లి ఒకటి వస్తే, అది ఆడదో మగదో తేలేదాకా ఆగక, ఆ వారంలోనే డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి.