గోడకు అతికిస్తే అందరికీ తెలిసినట్టేనా?

నమస్కారం. మీ ఇంట్లో గానీ, మీకు తెలిసినవాళ్లలో గానీ ఎవరికైనా ఆర్.ఆర్. యాక్టు, అంటే రెవెన్యూ రికవరీ చట్టం కింద నోటీసు వచ్చిందా? బకాయి కట్టకపోతే ఆస్తి జప్తు చేస్తామని చెప్పే కాగితం అది. ఈసారి ఎక్కడైనా కనిపిస్తే చట్టం పేరు పక్కన ఉన్న సంవత్సరం చూడండి. 1864. మన తాతల తాతలు కూడా ఆ చట్టం కిందే నోటీసులు అందుకున్నారు. రాజ్యాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, చట్టం పేరు ముందు మద్రాసు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ సంవత్సరం మాత్రం అలాగే నిలిచి ఉంది.

ఆ కాలంలో సర్కారు కాగితం రైతు దాకా ఎలా వచ్చేది, ఎవరి చేతుల మీదుగా వచ్చేది అన్నదే ఈ రోజు నేను చెప్పబోయేది. యుద్ధాలు, సంధులు, గవర్నర్ల పేర్లు మనం బడిలో చదువుకున్నాం. కానీ ఊళ్లో మనిషికి ప్రభుత్వం అంటే గవర్నరు కాదు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు, అతని చేతిలోని కాగితం.

1864 నాటికి గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప, బళ్లారి, కర్నూలు, ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాలు. కంపెనీ పాలన 1858లోనే ముగిసింది, విక్టోరియా రాణి పేరున పరిపాలన సాగుతోంది. తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది, అక్కడికి ఈ చట్టం చాలా తర్వాత, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే వెళ్లింది. జమీందారీ ప్రాంతాల్లో రైతు జమీందారుకు కట్టేవాడు. రైత్వారీ ప్రాంతాల్లో నేరుగా సర్కారుకే కట్టాలి. నేను చెప్పేది ఎక్కువగా ఈ రైత్వారీ ఊళ్ల గురించి.

అక్కడ సంవత్సరమంటే ఫసలీ. జూలై ఒకటిన మొదలవుతుంది. 1864 జూలైలో మొదలైనది 1274 ఫసలీ. రైతు దగ్గర పట్టా ఉంటుంది, పట్టా మీద శిస్తు ఉంటుంది, శిస్తును కిస్తుల లెక్కన కట్టాలి. ఊళ్లో లెక్క రాసేవాడు కరణం, వసూలు చేసేవాడు మునసబు. పైన తాలూకా కచేరీలో తాసిల్దారు, ఆ పైన జిల్లాకు కలెక్టరు, ఆయన పైన మద్రాసులో రెవెన్యూ బోర్డు. ఏటా జమాబందీ జరిగేది. కలెక్టరో ఆయన కింది దొరో తాలూకాలో మకాం వేసి, ఊరూరి లెక్కలు తెప్పించుకుని, ఆ ఏటి శిస్తు తేల్చేవారు. నీళ్లందక పంట పోయిందని రైతు మొరపెట్టుకోవడానికి దొరికే సమయం కూడా అదే.

ఇక కిస్తు తప్పితే? మీరు ఆ చట్టంలోని 25వ సెక్షన్ ఒక్కసారి చదవాలని నా కోరిక. భూమిని జప్తు చేసే ముందు రైతుకు తాకీదు ఇవ్వాలి. బకాయి ఎంత, ఏ భూమి మీద, ఎన్నాళ్లలో కట్టాలి అన్నవి అందులో రాయాలి. దానితో పాటు ఆ తాకీదు తెచ్చిన బంట్రోతుకు రావలసిన బత్తా కూడా రాయాలి. అంటే ‘నువ్వు బాకీ ఉన్నావు’ అని చెప్పడానికి వచ్చిన మనిషి ఖర్చు కూడా ఆ బాకీదారు నెత్తినే. బకాయి మీద ఏటా నూటికి ఆరు వడ్డీ వేరే.

ఆ తాకీదును రైతు చేతికి ఇవ్వాలి. అతను లేకపోతే ఇంట్లో వయసొచ్చిన మగవాడికి ఇవ్వాలి. మగవాడు అని చట్టంలోనే ఉంది. ఇంట్లో భార్య ఉన్నా, తల్లి ఉన్నా, పొలం పనంతా తన భుజాన వేసుకుని నడిపే వదినగారు ఉన్నా, వాళ్ల చేతికి ఇస్తే ఇచ్చినట్టు కాదు. అప్పుడు ఇంటికి గానీ పొలంలో గానీ కనిపించేచోట అతికిస్తే సరిపోతుంది. ఒక ఆడమనిషి చేతికి, చెవికి లేని విలువ మట్టిగోడకు ఉందన్నమాట. ఈ వాక్యం చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

భూమి వేలానికి వచ్చిందంటే 36వ సెక్షన్. వేలం ప్రకటన ఇంగ్లీషులోనూ జిల్లా భాషలోనూ ఉండాలి. బాకీదారు పేరు, భూమి విస్తీర్ణం, శిస్తు, వేలం జరిగే చోటు, సమయం, షరతులు అన్నీ రాయాలి. కనీసం నెల ముందు నాలుగు చోట్ల అతికించాలి. కలెక్టరు కచేరీలో, తాలూకా కచేరీలో, దగ్గరలోని పోలీసు ఠాణాలో, ఆ భూమిలో కనిపించేచోట. కొన్నవాడు ధరలో నూటికి పదిహేను వంతులు అక్కడే కట్టాలి, మిగతాది ముప్పై రోజుల్లో కట్టాలి.

న్యాయంగా చెప్పాలంటే, రాసినవాళ్లు జాగ్రత్తగానే రాశారు. అంతకుముందు కొరడాతో జరిగిన పనిని కాగితంతో జరిపించాలన్న ప్రయత్నం అందులో ఉంది. కానీ ఆ నాలుగు చోట్లనూ రైతు కళ్లతో చూడండి. కలెక్టరు కచేరీ మచిలీపట్నంలోనో కడపలోనో ఉంటుంది. తాలూకా కచేరీకి పని ఉంటే తప్ప వెళ్లడు. ఠాణా గడప తొక్కాలని ఎవరూ కోరుకోరు. మిగిలింది పొలం. పొలంలో కాగితం కనిపిస్తుంది, కానీ చదివేదెవరు? 1881 జనాభా లెక్కల నాటికి కూడా ఈ ప్రెసిడెన్సీలో ఆడా మగా కలిపి నూటికి పదిమందికైనా చదువు రాదు. గాలికీ వానకూ ఆ కాగితం ఎన్నాళ్లు నిలిచేదో మీరే ఊహించుకోండి.

అందుకే ఊరికి అసలైన గెజిట్ టముకు. మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ 1832 నుంచి అచ్చవుతోంది. ఊళ్లో మాత్రం సాయంత్రం పూట, జనం పొలాల నుంచి తిరిగొచ్చే వేళకు దండోరా వేస్తేనే ఏ హుకుమైనా తెలిసేది. ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అన్న మాట మన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. మన ఊళ్లలో ఆ డప్పు పట్టింది ఎక్కువగా మాదిగ కులంవాళ్లు. రాణిగారి ప్రభుత్వం గొంతును ఊరంతా వినిపించిన మనిషిని ఊరు తన గడప లోపలికి రానివ్వలేదు, తన బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు. 1816 నాటి 11వ రెగ్యులేషన్ ప్రకారం చిన్న చిన్న తగాదాల్లో గ్రామాధికారి ఎవరినైనా కొన్ని గంటలు నిర్బంధించవచ్చు. నిందితుడు తక్కువ కులంవాడైతే బొండకొయ్యలో కాళ్లు పెట్టించవచ్చు. ఊరి ఆచారాన్ని కంపెనీ తన చట్టంలో రాసుకుని దానికి ముద్ర వేసింది. ఆ బొండకొయ్య భయం నడుమ బతుకుతూనే ఆ మనుషులు సర్కారు మాట మోశారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ల పేర్లు లేవు.

టముకు విన్నా, కాగితం చేతికొచ్చినా, రైతు చివరికి వెళ్లేది కరణం అరుగు మీదికే. ఎందుకంటే భాష తెలుగే అయినా మాటలు తెలుగువి కావు. జమాబందీ, జప్తు, హుకుం, అర్జీ, ఫైసలా, రుజువు, దస్తావేజు. కొన్ని జిల్లాల కచేరీల్లో ఒకప్పుడు మరాఠీలో కూడా లెక్కలు నడిచాయి. సి.పి. బ్రౌన్ మనకు పెద్ద తెలుగు నిఘంటువు ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. కచేరీల్లోనూ వ్యవహారాల్లోనూ తెలుగులో కలిసిపోయిన ఈ పరాయి మాటల కోసం ఆయన 1854లో విడిగా ఇంకో నిఘంటువు అచ్చువేయాల్సి వచ్చింది. దొరగారికే నిఘంటువు కావలసి వచ్చిన కాగితాన్ని రైతు ఎలా అర్థం చేసుకోవాలి? కరణం చదివి చెప్పిందే అతనికి చట్టం. కరణం మంచివాడైతే బతికాడు. పొలం మీద కరణానికే కన్నుంటే, ఆ కాగితంలో ఏముందో వేలం అయిపోయాకే తెలుస్తుంది.

అదే 1854లో మరో ప్రకటన వెలువడింది. ఈ మాటంతా ఎత్తింది అసలు దాని కోసమే. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్న మాట ఆ ఏడు బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది. సెప్టెంబరులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. బాధలు పడినవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చని ఆ సంఘం ప్రకటించింది. అంతవరకూ కాగితమంటే కట్టు, రా, ఖాళీ చెయ్యి అని చెప్పేది. మొదటిసారి ఒక కాగితం ‘నీకేం జరిగింది?’ అని అడిగింది.

మూడు నెలల్లో 1,959 ఫిర్యాదులు వచ్చాయి. కొందరు మూడు నాలుగు వందల మైళ్లు ప్రయాణం చేసి మద్రాసు చేరారు. అప్పటికి ఆ ప్రెసిడెన్సీలో ప్రయాణికుల రైలు నడవలేదు, గుర్తుంచుకోండి. వాళ్లు చెప్పినవి వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఎండలో గంటల కొద్దీ నిలబెట్టడం, తిండికి వెళ్లనివ్వకపోవడం, మెడను పాదాల దాకా వంచి తాడుతో కట్టేయడం, కిట్టి అనే కర్రల మధ్య వేళ్లు నొక్కడం. ఇదంతా చాలాసార్లు కొద్దిపాటి బకాయి కోసం. 1855 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో హింస నిజమేనని సంఘం ఒప్పుకుంది. తప్పును మాత్రం కింది స్థాయి దేశీయ ఉద్యోగుల మీదికి నెట్టింది. నేను దీనితో ఏకీభవించను. ఇంత రావాలని పైనుంచి ఒత్తిడి పెట్టి, వచ్చిన సొమ్ము లెక్కపెట్టుకుని, అది ఎలా వచ్చిందో అడగని దొరకు ఆ పాపంలో వాటా లేదనడం ఎలా?

అయితే ఆ నివేదికలోనే ఒక మాట నిజాయితీగా రాశారు. ఇంత జరుగుతున్నా రైతు కలెక్టరుకు ఎందుకు చెప్పుకోలేదు? ఒకటి, దూరం. కూలీ పని, సాగు పని మానుకుని ఖర్చు పెట్టుకుని వెళ్లాలి. రెండు, అర్జీ రాసి పంపితే దాని మీద ‘తాసిల్దారు విచారించవలెను’ అన్న మాట రాయించుకుని తిరిగి వస్తుందన్న భయం. రైతును స్వయంగా కొట్టిన, లేదా కింది బంట్రోతుల చేత కొట్టించిన మనిషి చేతికే ఆ రైతు అర్జీ తిరిగి చేరుతుంది.

ఆ తర్వాత 1859లో పోలీసు చట్టం వచ్చింది, తాసిల్దారు చేతి నుంచి పోలీసు పని తీసేశారు. అయిదేళ్లకు మనం మొదట చెప్పుకున్న 1864 చట్టం వచ్చింది.

మీకు ఆర్.ఆర్. యాక్టు నోటీసు గానీ వేలం ప్రకటన గానీ వస్తే, అది అందిన తేదీని వెంటనే దాని వెనకే రాసుకోండి. ఇంట్లో ఎవరు అందుకున్నారో, ఎక్కడ అతికించారో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ప్రకటన చేయడంలో పొరపాటో మోసమో జరిగి మీకు నష్టం కలిగిందని చూపగలిగితే, వేలం రద్దు చేయమని అడిగే దారి 38వ సెక్షన్‌లో ఉంది. గడువు వేలం జరిగిన రోజు నుంచి ముప్పై రోజులు. ఆలస్యం చేయకుండా ఆ కాగితం తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లండి.