బస్తా విప్పకుండా ధర అడిగితే ఎట్లా? ఇంట్లో సామాన్ల ఇన్సూరెన్స్ గురించి

నమస్తే. వానాకాలం మొదలైందంటే చాలు, నాకు ఒకే మెసేజ్ వస్తుంది. "అన్నా, ఇంట్లో సామాన్లకు అందరికంటే తక్కువకు ఇన్సూరెన్స్ ఎవరు ఇస్తున్నారు? పేరొక్కటి చెప్పు, చాలు." మొన్న ఒకరైతే నాలుగు స్క్రీన్‌షాట్లు పంపి "ఇందులో ఏది?" అన్నారు. చూస్తే, ఒకటి గోడలకు మాత్రమే. ఇంకొకటి గోడలకూ సామాన్లకూ. మూడోది దొంగతనానికి. నాలుగోది, హోమ్ లోన్ తీసుకున్న మనిషి పోతే బ్యాంకు అప్పు తీర్చే పాలసీ! అంటే లైఫ్ ఇన్సూరెన్స్. ఈ నాలుగింటినీ వరసగా పెట్టి ప్రీమియం పోలుస్తున్నారు. తల పట్టుకున్నాను.

[తెర మీద: మిర్చి బస్తాల వరుస]

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయి "మిర్చి ఎంత?" అని అడిగి చూడండి. ఎవరూ ధర చెప్పరు, తిరిగి మిమ్మల్నే అడుగుతారు. ఏ రకం, తేజానా, వండర్ హాటా, చపాటానా? ఈ ఏడాది సరుకా, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టిందా? ఆరిందా, తేమ ఉందా? తాలు, అంటే రంగుపోయిన పనికిరాని కాయ, ఎంత కలిసింది? బస్తా అడుగు నుంచి పిడికెడు తీసి చూడకుండా ధర కట్టే వ్యాపారిని నేనైతే చూడలేదు. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బస్తా మూతి కూడా విప్పం.

పేపర్‌లో "మిర్చికి రికార్డు ధర" అని వార్త వస్తుంది చూడండి, అది జెండా పాట ధర. ఆ రోజు వచ్చిన మేలైన సరుకుకు పలికింది. పక్క బస్తా రైతు చేతికి అంత రాదు. ఫోన్‌లో మెరిసే "రోజుకు ఇన్ని రూపాయలే" అనే యాడ్ కూడా జెండా పాటే. ఏ మొత్తానికి చెప్పారో, ఏ కవర్లు తీసేసి చెప్పారో, జీఎస్టీ కలిపారో లేదో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కదా, ఇంటి ఇన్సూరెన్స్‌కు తీయలేదు. 18 శాతం అట్లాగే ఉంది. ఇల్లు మునిగినవాడు ఏం పాపం చేశాడో నాకు తెలియదు.

సరే, నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్తాను. 2023 జులై ఆఖరు వాన మీరెవరూ మర్చిపోయి ఉండరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఇక్కడ హనుమకొండలో నయీంనగర్ నాలా రోడ్డెక్కింది. మా చిన్నమ్మ వాళ్లది ఆ నాలాకు దగ్గర్లో కిరాయి ఇల్లు, కింది పోర్షన్. మంచం ఎత్తు నీళ్లు వచ్చాయి. మనుషులు పైకి ఎక్కి బయటపడ్డారు కానీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, బీరువా కింది అరల్లోని పట్టుచీరలు అన్నీ పోయాయి. రెండు రోజుల తర్వాత బురద ఎత్తిపోస్తూ అడిగింది.

"ఓనర్‌కు ఇన్సూరెన్స్ ఉందట కదరా, నా ఫ్రిజ్‌కు పైసలు ఎప్పుడొస్తయి?"

"రావు చిన్నమ్మా."

"ఎందుకు రావు? అదే ఇల్లు కాదా?"

ఇల్లు అదే, బస్తా వేరు. ఓనర్ కట్టింది తన గోడలకు. కిరాయికి ఉండేవాళ్ల సామాన్లు ఆ పాలసీలోకి రావు. ఆ మాట అంటే చిన్నమ్మ నా మీదనే కోపానికి వచ్చింది, ఆ పైసలు నేనే ఆపినట్టు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిజానికి తప్పు ఆమెది కాదు. కిరాయిదారు తన సామాన్ల వరకే విడిగా పాలసీ తీసుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గోడల లెక్క కలవదు కాబట్టి అది చవక కూడా.

ఇక సొంత ఇల్లు ఉన్నవాళ్లకు. కొత్త పాలసీ కోసం తిరగడానికి ముందు మీ బీరువా తెరవండి. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులో సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో ఇంటి ఇన్సూరెన్స్ ఉండవచ్చు. దాని మీద "భారత్ గృహ రక్ష" అని ఉందా చూడండి. ఈ పేరే ఈరోజు మన అసలు ముచ్చట.

ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక నియమం పెట్టింది. ఇళ్లకు అగ్నిప్రమాద బీమా ఇచ్చే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఈ భారత్ గృహ రక్ష అనే పాలసీని తప్పకుండా అమ్మాలి, అందులోని మూల షరతులు అందరివీ ఒక్కటే ఉండాలి. మంటలు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు, పైన వాటర్ ట్యాంకు పగలడం లాంటివన్నీ అందులో ఉంటాయి. బిల్డింగ్‌కు పాలసీ తీసుకుంటే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు దాటకుండా, ఇంట్లో మామూలు సామాన్లకు కూడా దానంతట అదే కవర్ వస్తుంది. లిస్టు ఇవ్వాల్సిన పని లేదు. అంటే బిల్డింగ్‌కు 30 లక్షలు రాయిస్తే, సామాన్లకు 6 లక్షలు. చాలామందికి ఇది ఇంట్లోనే ఉంది, తెలియదు, మళ్లీ ఇంకోటి కొంటున్నారు! షెడ్యూల్ అనే పేజీలో కంటెంట్స్ అన్నచోట ఎంత రాసి ఉందో చూసుకోండి. సరిపోతే మీ షాపింగ్ అయిపోయినట్టే, వీడియో ఇక్కడే ఆపేయవచ్చు. (ఆపకండి, నాకు వ్యూస్ పోతాయి.)

మిర్చి భాషలో చెప్తే, భారత్ గృహ రక్ష అంటే గ్రేడింగ్ అయిపోయిన సరుకు. ఏ కొట్టులో కొన్నా బస్తాలో ఉండేది ఒక్కటే. ఇక్కడ మాత్రం నిశ్చింతగా ధర పోల్చండి. నాలుగు ప్రభుత్వ కంపెనీలు ఉన్నాయి, న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్. ప్రైవేటువి బోలెడు. అందరినీ ఒకే మొత్తానికి, ఒకే ఇంటికి, ఒకే కాలానికి, జీఎస్టీతో కలిపి రేటు అడగండి. ప్రీమియం వెయ్యికి ఇంత అని లెక్క కడతారు. ఊరికే లెక్క కోసం వెయ్యికి ఒక రూపాయి అనుకుందాం. 5 లక్షల సామాన్లకు 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590. అసలు రేటు కంపెనీని బట్టి, ఊరిని బట్టి, కట్టడాన్ని బట్టి మారుతుంది. అందుకే నాలుగు చోట్ల అడగాలి.

కంపెనీలు తమ సొంత పేర్లతో అమ్మే ప్యాకేజీ పాలసీలు వేరే కథ. అవి కలగలుపు బస్తాలు. పైన తేజా మెరుస్తుంది, అడుగున ఏముందో తెలియదు. అక్కడ ధర ఒక్కటే చూస్తే మోసపోతారు. అవి చెడ్డవని కాదు, కొన్ని చాలా మంచివి. కానీ విప్పి చూడాలి.

ఏం చూడాలి? మొదట తరుగు. మార్కెట్‌లో క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీస్తే రైతు కడుపు మండుతుంది కదా. పాలసీలో దాన్ని ఎక్సెస్ అంటారు, కొందరు డిడక్టిబుల్ అంటారు. నష్టంలో మొదటి ఇన్ని వేలు మీవే, ఆ పైన మాది అని అర్థం. ప్రీమియం బాగా తక్కువ ఉందంటే తరుగు ఎక్కువ ఉందేమో చూడండి. తర్వాత తేమ. కొనేటప్పుడు బరువు, ఆరాక తేలిక. ఆరేళ్ల ఫ్రిజ్‌కు కొత్త ఫ్రిజ్ ధర ఇస్తారా, అరిగినంత కోసి ఇస్తారా? దీన్నే తరుగుదల అంటారు. (చూశారా, ఇక్కడ కూడా తరుగే!) కొత్తది కొనే ఖర్చు ఇచ్చే పాలసీకి కొంచెం ఎక్కువైనా నేను కడతాను.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది కాంటా, అంటే మీ సామాన్లకు మీరు రాయించే విలువ. చిన్నమ్మను "నీ సామాన్ల విలువ ఎంత?" అంటే "లక్ష ఉంటదేమో" అంది. కూర్చోబెట్టి గదికి గది రాయించాను. ఫ్రిజ్, మెషిన్, టీవీ, రెండు మంచాలు, పరుపులు, బీరువా, ఇన్వర్టర్, కూలర్, మిక్సీ, బాబాయ్ లాప్‌టాప్. అంతవరకు అందరూ రాస్తారు. చీరలు ఎవరూ రాయరు, గిన్నెలు ఎవరూ రాయరు. ఇత్తడి గుండిగలు, రాగి బిందెలు, పెళ్లికి పెట్టిన స్టీలు సామాను, చలికాలం దుప్పట్లు, పిల్లల పుస్తకాలు. ఈరోజు కొత్తవి కొనాలంటే ఎంత అని ఒక్కొక్కటికి వేస్తే 3 లక్షల 80 వేలు తేలింది. ఆమెకు నమ్మకం కుదరక రెండుసార్లు కూడించింది.

ఇప్పుడు ప్రీమియం తగ్గించుకోవడానికి 4 లక్షల సరుకును 2 లక్షలే అని రాయించారనుకోండి. లక్ష నష్టం జరిగింది. "రెండు లక్షలకు ఉంది కదా, లక్ష ఇచ్చేయండి" అంటారు మీరు. సగాన్నే కాంటా పెట్టారు కాబట్టి సగమే ఇస్తాం, 50 వేలు, అంటుంది కంపెనీ. దీనికి యావరేజ్ క్లాజ్ అని పేరు. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు, తీసేశారు. నాకు ఆ పాలసీ నచ్చడానికి పెద్ద కారణం ఇదే. ప్యాకేజీ పాలసీల్లో మాత్రం ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఇక తాలు. అంటే కవర్ కానివి. ఇక్కడ భారత్ గృహ రక్షలో కూడా జాగ్రత్త. మామూలు దొంగతనం దాని మూల పాలసీలో లేదు! వరదో మంటలో వచ్చి ఇల్లు దెబ్బతిన్నాక 7 రోజుల లోపల సామాన్లు పోతే తప్ప. మేడారం జాతరకు నాలుగు రోజులు తాళం వేసి పోయి, వచ్చేసరికి టీవీ లేకపోతే ఈ పాలసీ పైసా ఇవ్వదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా కలుపుకోవాలి. తాళమో తలుపో పగిలిన ఆనవాలు ఉండాలని అడుగుతారు, పనివాళ్లు తీస్తే చాలా పాలసీల్లో ఇవ్వరు. ఎక్కువ రోజులు ఇల్లు ఖాళీగా ఉంటే ముందే చెప్పాలనే షరతు ఉందా అన్నది కూడా కనుక్కోండి, దుబాయ్ నుంచి ఏడాదికోసారి వచ్చే కరీంనగర్, జగిత్యాల వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఓల్టేజీ ఎక్కువై టీవీ కాలిపోతే రాదు. దాని నుంచి మంట లేచి సోఫా కాలితే సోఫాకు వస్తుంది, టీవీకి రాదు. విచిత్రంగా ఉంటుంది కానీ అంతే. గోడకు ఏళ్ల తరబడి చెమ్మ పట్టి బీరువా పాడైతే రాదు. బండి రాదు, దానికి మోటార్ పాలసీ ఉంది, అది కూడా థర్డ్ పార్టీ ఒక్కటే అయితే వరదకు ఏమీ రాదు. వరంగల్ కొత్తవాడలో ఇంట్లోనే మగ్గం పెట్టుకుని దర్రీలు నేసేవాళ్లు వినండి. మగ్గం, నూలు, నేసిన సరుకు వ్యాపారం కిందికి వస్తాయి, ఇంటి సామాన్ల పాలసీలో రావు. వాటికి చిన్న వ్యాపారాల పాలసీ వేరే ఉంది.

బంగారం సంగతి. నగలు మామూలు సామాన్లలో కలవవు, విడిగా రాయించి విడిగా కట్టాలి. ప్రీమియం పెరిగేది ఇక్కడే. లాకర్‌లో ఉన్న బంగారానికి ఇంటి పాలసీలో డబ్బు కట్టకండి. అట్లాగని బ్యాంకు అంతా చూసుకుంటుందని అనుకోకండి. 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం మంటలు, దొంగతనం, ఉద్యోగి మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది కిరాయికి వంద రెట్ల వరకే. వరదకు అది కూడా లేదు.

అయ్యో, పద్నాలుగు నిమిషాలు అయిపోయింది. క్లెయిమ్ గురించి అరగంట చెప్పాలనుకున్నాను. గబగబా చెప్పేస్తాను.

ఈరోజే ఫోన్‌తో ఇల్లంతా ఒక వీడియో తీయండి, బీరువా తలుపులు, కిచెన్ అరలు తెరిచి. బిల్లుల ఫొటోలతో కలిపి మెయిల్‌కు పంపుకోండి, ఫోన్ కూడా నీళ్లలో పోవచ్చు. నష్టం జరిగితే ఆ రోజే కంపెనీకి చెప్పండి. నష్టం లెక్క కట్టే సర్వేయర్ వచ్చేదాకా పాడైన సామాను పారేయకండి, కంపు కొట్టి పారేయక తప్పకపోతే ముందు ఫొటోలు తీయండి. గోడ మీద నీళ్ల గీత తుడవకండి, అదే మీ సాక్షి. సర్వేయర్ ఫీజు కంపెనీది, మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. దొంగతనానికి ఎఫ్‌ఐఆర్, మంటలకు ఫైర్ స్టేషన్ రిపోర్టు. కంపెనీ సతాయిస్తే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబర్ 155255కు ఫోన్ చేయండి, లేదా వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో రాయండి. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి గొడవలు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

పదేళ్లకు ఒకేసారి కట్టే వీలు కూడా ఉంది, సొంత ఇంటివాళ్లు అడగండి. కిరాయి ఇళ్లవాళ్లు ఏడాదికే తీసుకోండి, ఇల్లు మారితే పాలసీలో అడ్రస్ మార్పించాలి.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చిన్నమ్మ చివరికి 4 లక్షలకు సామాన్ల పాలసీ తీసుకుంది, తనే నాలుగు చోట్ల అడిగి. నిన్న షెడ్యూల్ చూపించమంటే చూపించింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంటి నంబర్ మాత్రం పాత ఇంటిది, నాలా పక్కది. రేపు పొద్దున్నే ఇద్దరం ఆ ఆఫీసుకు పోతున్నాం.