సముద్రం మీ కుడివైపు ఉండాలి

అందరికీ నమస్కారం. లాంగ్ వీకెండ్ దగ్గర పడుతోంది కదా, కాలిఫోర్నియా హైవే వన్ గురించి, అందులోనూ బిగ్ సర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒడ్డు వెంబడి చాలా దూరం ఉన్నా, ఫోటోల్లో చూసి జనం మనసు పారేసుకునేది మాత్రం ఈ ముక్కనే. ఉత్తరాన కార్మెల్, దక్షిణాన శాన్ సిమియన్, మధ్యలో సుమారు 90 మైళ్ళు. ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే: "ఏమేం చూడాలి? లిస్టు పంపిస్తారా?" లిస్టు ఎక్కడైనా దొరుకుతుందండీ. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి అన్నది. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఎందుకంటున్నానో చెప్తాను. మామూలుగా సముద్రం పక్కన ఇసుక, దాని వెనక మైదానం, ఎక్కడో దూరంగా కొండలు ఉంటాయి. ఇక్కడ మైదానం అనేదే లేదు. శాంటా లూసియా కొండలు నీళ్ళలోంచి నిటారుగా లేచి నిలబడ్డాయి. కోన్ పీక్ అనే శిఖరం 5,155 అడుగుల ఎత్తు, అక్కడి నుంచి సముద్రం మూడు మైళ్ళకి కాస్త అటూ ఇటూ. ఆ కొండ నడుముని తొలిచి రోడ్డు వేశారు. అమెరికాలో అంతకుముందే ఎన్నో రోడ్లు వచ్చేశాయి గానీ ఇది పూర్తయింది మాత్రం 1937లో, అది కూడా శాన్ క్వెంటిన్ జైలు ఖైదీల చేత పని చేయించుకుని. సరే, వేశారు. కానీ ఆ కొండ గట్టి రాయి కాదు. చాలాచోట్ల నలిగి, పగిలి, మట్టీ రాయీ కలగలిసిపోయిన సరుకు. కింద అలలు కోసేస్తుంటాయి, పైన చలికాలం వానలు నానబెడుతుంటాయి. ఇంకేం కావాలి, ప్రతి రెండు మూడేళ్ళకీ ఎక్కడో ఒకచోట కొండచరియ విరిగిపడుతుంది.

2017 సంగతే తీసుకోండి. ఫిబ్రవరిలో ఫైఫర్ కాన్యన్ వంతెన కింద నేల జారిపోయి వంతెన పనికిరాకుండా పోయింది, కూల్చేసి కొత్తది కట్టాల్సి వచ్చింది. మే 20న అక్కడికి దక్షిణంగా మడ్ క్రీక్ దగ్గర కొండ మొత్తం కిందికి దిగి, పావు మైలు పైన రోడ్డుని కప్పేసి, సముద్రంలోకి వెళ్ళి కొత్త నేలగా పేరుకుపోయింది. అటు వంతెన లేదు, ఇటు రోడ్డు లేదు, మధ్యలో ఉన్న ఊళ్ళవాళ్ళ బతుకు దీవి బతుకైపోయింది. వంతెన అక్టోబరులో వచ్చింది, మడ్ క్రీక్ తెరవడానికి మాత్రం మరుసటి ఏడాది జూలై దాకా పట్టింది. 2021 జనవరిలో ర్యాట్ క్రీక్ దగ్గర ఏకంగా రోడ్డు ముక్కే కొట్టుకుపోయింది. 2023 జనవరి నుంచి పాల్స్ స్లైడ్ అనే కొండచరియ, దాని పని పూర్తికాకుండానే 2024 మొదట్లో రీజెంట్స్ స్లైడ్ అనే ఇంకోటి, వీటి పుణ్యమా అని మూడేళ్ళపాటు ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరూ నేరుగా వెళ్ళలేకపోయారు. 2026 జనవరిలో తెరిచారు. తెరిచారు కదా అని ఎప్పటికీ తెరిచే ఉంటుందనుకోకండి.

అందుకే ప్లాన్ వేసేటప్పుడు దీన్ని ఒక దారిలా చూడొద్దంటాను. రెండు సందులు అనుకోండి, ఒకటి ఉత్తరం నుంచి లోపలికి, ఒకటి దక్షిణం నుంచి లోపలికి. ఆ రెండూ కలిసి ఉన్నాయా, అదృష్టం. కలవలేదా, మీ సందులో మీరు వెళ్ళి రావచ్చు, ట్రిప్ ఎక్కడికీ పోదు. కానీ బుకింగ్ చేసేటప్పుడు ఇది గుర్తుండాలి. రాత్రి బస అవతలి చివర తీసుకుని, డబ్బు వెనక్కి రాని రూమ్ బుక్ చేసి, ఈ చివర నుంచి బయల్దేరితే, మధ్యలో రోడ్డు మూసిన రోజున మీరు సలీనాస్ మీదుగా కొండలకి లోపలి వైపు పోయే హైవే 101 పట్టుకుని, పాసో రోబుల్స్ దగ్గర దిగి, హైవే 46 మీద శాన్ సిమియన్‌కి కాస్త దక్షిణంగా ఉన్న కాంబ్రియా ఊరు చేరాలి. దగ్గర దగ్గర రెండున్నర గంటల పని. కార్మెల్‌కీ కాంబ్రియాకీ మధ్య కొండ దాటే రోడ్డు ఒక్కటే ఉంది, నసిమియెంటో ఫెర్గూసన్ రోడ్డు. ఇరుకు, మలుపులు, మిలిటరీ వాళ్ళ స్థలంలోంచి పోతుంది, 2020 డోలన్ కార్చిచ్చు, ఆ తర్వాతి వానల వల్ల అదీ చాలాకాలం మూసే ఉంది. ఫోన్ మ్యాప్ చూపించింది కదా అని చీకట్లో అటు తిప్పకండి. బయల్దేరే ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి క్యాల్‌ట్రాన్స్ వాళ్ళ క్విక్‌మ్యాప్ చూడండి. రోడ్డు శాఖ వాళ్ళదే అది, మూసింది తెరిచింది అక్కడ ముందు తెలుస్తుంది. వాతావరణం యాప్ చూసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఇది చూసేవాళ్ళే తక్కువ.

సరే, రోడ్డు తెరిచే ఉంది. ఎటు నుంచి ఎటు? ఉత్తరం నుంచి దక్షిణానికి. అమెరికాలో బండి కుడివైపు నడుపుతాం కాబట్టి దక్షిణానికి వెళ్ళేటప్పుడు సముద్రం మన లేన్ పక్కనే ఉంటుంది. బండి ఆపుకునే ఖాళీలన్నీ చాలావరకు మన వైపే, ఎదురుగా వచ్చే బండ్లని దాటుకుని ఎడమకి తిరగాల్సిన పని ఉండదు. ఆ ఎడమ మలుపులే ఇక్కడ అసలు ప్రమాదం. మలుపు అవతల ఎవరొస్తున్నారో కనపడదు, వెనకవాడు కొండల్ని చూస్తూ వస్తుంటాడు. ఇంకో సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు: మీ ఇంట్లో ఎత్తులంటే కాళ్ళు వణికేవాళ్ళు ఉంటే, డ్రైవర్ పక్క సీట్లో వాళ్ళని కూర్చోబెట్టి దక్షిణానికి తీసుకెళ్ళడం శిక్షే. కిటికీ కింద నేరుగా నీళ్ళు. అలాంటివాళ్ళుంటే దక్షిణం నుంచి ఉత్తరానికి రండి, కొండ పక్క లేన్‌లో ప్రాణం కాస్త కుదుటపడుతుంది, సముద్రం ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది. ఎడమవైపు నడిపే దేశాల్లో ఇలాంటి ఒడ్డుకి వెళ్తే ఈ లెక్క తిరగేసుకోండి.

టైమ్ సంగతి. 90 మైళ్ళే కదా, గంటన్నర అనుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వూ జాలీ రెండూ వస్తాయి. ఎక్కడా ఆపకుండా పోతేనే రెండున్నర, మూడు గంటలు పడుతుంది, ఆపకుండా పోవడానికైతే 101 ఉండనే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఈ దారిలో ఒకే రోజులో వెళ్ళిపోదామని అడిగేవాళ్ళకి నేను మొహమాటం లేకుండా వద్దని చెప్తాను. నడిపినంతసేపే తొమ్మిది పది గంటలు, నడిపేవాడు సముద్రం చూసిందీ ఉండదు, పక్కవాళ్ళు హాయిగా ఉన్నదీ ఉండదు. ఒక్క రోజే ఉంటే సగం చూడండి. ఉత్తరం సగమైతే కార్మెల్ పక్కనే ఉన్న పాయింట్ లోబోస్ నుంచి మెక్‌వే జలపాతం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయండి. పొద్దుగూకే టైమ్ ముందే చూసుకుని, దానికి రెండు గంటల ముందు ఎక్కడున్నా సరే బండి తిప్పేస్తాం అని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. డిసెంబరులో ఐదింటికే చీకటి పడుతుంది, జూన్‌లో ఎనిమిదిన్నర. చీకట్లో ఈ రోడ్డు మీద చూసేదేమీ లేదు, భయం తప్ప.

నెలల గురించి కూడా చెప్పాలి. సెలవులు కదా అని అందరూ జూలైలో వస్తారు. ఆ టైమ్‌లో లోపలి లోయలు మండిపోతూ సముద్రం మీది చల్లగాలిని లాక్కుంటాయి, దాంతో పొగమంచు ఒడ్డుని పట్టుకుని ఒక్కోసారి మధ్యాహ్నం దాకా వదలదు. అంత దూరం వచ్చి తెల్లటి గోడ చూసి పోయినవాళ్ళు ఎందరో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది, నా ఓటు వాటికే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా తిమింగలాలు ఒడ్డు దగ్గరగా వెళ్తుంటాయి, కానీ కొండచరియలకీ అదే సీజన్. పెద్ద వాన పడ్డ వారంలో వెళ్ళకండి, అంతే.

ఆగే చోట్లు అన్నీ చెప్పను. బిక్స్‌బీ వంతెన మీకు తెలుసు, 1932లో కట్టారు, 260 అడుగుల పైన ఎత్తు. అంటే రోడ్డు పూర్తవడానికి ఐదేళ్ళ ముందే వంతెన అక్కడ నిలబడి ఉంది. చూడటానికి ఉత్తరం వైపు, సముద్రం పక్కన ఖాళీ ఉంది. అందులో చోటు లేకపోతే ముందుకి వెళ్ళిపోండి, దయచేసి రోడ్డు మీద సగం బండి పెట్టి డోర్ తీయకండి. వారాంతం మధ్యాహ్నం అక్కడ జరిగే గొడవంతా ఆ డోర్ల దగ్గరే. పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్తే వంతెన మొత్తం మీదే.

ఫైఫర్ బీచ్‌కి బోర్డు వెతుక్కోకండి, సైకమోర్ కాన్యన్ రోడ్డు పట్టుకోవాలి. రెండు మైళ్ళ ఇరుకు దారి, పెద్ద బండ్లు పోవు, పార్కింగ్ నిండితే వెనక్కి పంపేస్తారు. కానీ దిగాక ఇసుక దగ్గరికి వంగి చూడండి. తెల్ల ఇసుకలో ఊదారంగు చారలు పారి ఉంటాయి, కొండలోంచి గార్నెట్ రాయి నలిగి కొట్టుకొచ్చిన పొడి అది. గుప్పెట్లోకి తీసుకుని ఎండకి పెడితే మెరుస్తుంది. వాన వెలిసిన తర్వాత రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. చలికాలంలో, డిసెంబరు జనవరి నెలల్లో, పొద్దు దిగే ముందు అక్కడి రాతి తోరణంలోంచి వెలుగు దూసుకొస్తుంది, దానికోసం ట్రైపాడ్లతో జనం మధ్యాహ్నం నుంచే కూర్చుంటారు, అది కూడా చూడదగ్గ దృశ్యమే.

మెక్‌వే జలపాతం 80 అడుగుల నుంచి తిన్నగా బీచ్ మీద పడుతుంది. ఆ బీచ్‌లోకి దిగనివ్వరు, పై నుంచి చూడాల్సిందే. నాకు బాగా నచ్చే సంగతేమిటంటే, 1983కి ముందు అక్కడ బీచ్ లేదు, నీళ్ళు సముద్రంలోనే పడేవి. ఆ ఏడాది పక్కనే పెద్ద కొండచరియ విరిగి రోడ్డు ఏడాదికి పైగా మూతపడింది, ఆ మట్టీ రాయీ సముద్రంలో చేరి, అలలు తెచ్చి ఈ మలుపులో పోశాయి. జనం ఫోటో తీసుకునే ఆ అందమైన ఇసుక, రోడ్డు పోయినందుకు వచ్చిందే.

మధ్యలో తలెత్తి ఆకాశం కూడా చూస్తూ ఉండండి, నడిపేవాళ్ళు కాదు, పక్కవాళ్ళు. 1982లో ప్రపంచం మొత్తం మీద 22 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండోర్లని, అంటే ఓ భారీ జాతి రాబందుల్ని, 1997 నుంచి ఇక్కడ వదులుతున్నారు. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు, రెక్క కింద ముందు వైపు తెల్లటి పట్టీ, పైన నంబర్ ట్యాగ్. గాల్లో ఊగిపోతూ ఎగిరితే అది మామూలు రాబందు, కదలకుండా పలకలా తేలిపోతే కాండోర్.

దక్షిణం చివర, శాన్ సిమియన్ దగ్గర పియెడ్రాస్ బ్లాంకాస్‌లో ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు ఉంటాయి, టికెట్ లేదు, ఏడాది పొడుగునా చూడొచ్చు. పిల్లలున్నవాళ్ళు ఇది వదలొద్దు. జనవరిలో పిల్లలు పెట్టే కాలం, మగవి కొట్టుకుంటుంటాయి. ఏప్రిల్, మేలో వెళ్తే వాటి చర్మం పాత గోడకి సున్నం పెచ్చులూడినట్టు ఊడిపోతుంటుంది, ముందరి రెక్కతో ఇసుక తీసుకుని వీపు మీద చల్లుకుంటుంటాయి, బద్ధకంగా, కళ్ళు కూడా తెరవకుండా. వాసన మాత్రం ఘాటు, ముందే చెప్తున్నాను. అక్కడికి దగ్గర్లోనే కొండ మీదున్న హర్స్ట్ కాసిల్ అనే మహల్‌కి పోవాలంటే టూర్ టికెట్ ముందే తీసుకోండి.

ఇక తిప్పలు. మధ్యలో గ్యాస్ బంకులు కొన్నే, రేట్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది, కాబట్టి కార్మెల్‌లోనో కాంబ్రియాలోనో ట్యాంక్ ఫుల్ చేయించండి. ఫోన్ సిగ్నల్ చాలా దూరం ఉండదు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, రూమ్ అడ్రస్ కాగితం మీద రాసుకోండి, రెండు కార్లలో వెళ్తుంటే "దారిలో ఫోన్ చేసుకుందాం" అన్న మాట మర్చిపోయి ఎక్కడ కలవాలో, ఎన్నింటికో ముందే అనుకోండి. కడుపులో తిప్పేవాళ్ళకి మాత్ర దారిలో కాదు, బయల్దేరే ముందు. మీరు నెమ్మదిగా నడిపితే తప్పులేదు గానీ వెనక ఐదు బండ్లు పోగైతే పక్కకి తీసి దారివ్వాలి, అది మర్యాద ఒక్కటే కాదు, కాలిఫోర్నియాలో చట్టం. బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగకండి. పది చిన్న అలల తర్వాత వచ్చే పదకొండోది మనిషిని ఎత్తుకుపోతుంది.

బస విషయంలో, టెంట్ వేసే అలవాటుంటే ఫైఫర్ బిగ్ సర్ పార్కులో రెడ్‌వుడ్ చెట్ల కింద, లేదా కిర్క్ క్రీక్‌లో సముద్రం పైనే దొరుకుతుంది, కానీ ఆరు నెలల ముందు బుకింగ్ తెరిచిన రోజునే అయిపోతుంటాయి. దొరకలేదని రోడ్డు పక్కన కారులో పడుకుంటే అధికారులు తలుపు కొడతారు, జరిమానా గట్టిదే. దొరకకపోతే కార్మెల్, మాంటెరే వైపో, కాంబ్రియా వైపో ఉండండి, మీరు ఎంచుకున్న సగం ఏదో దాన్ని బట్టి. ఆ చివర దాకా వెళ్ళినవాళ్ళు తిరుగు ప్రయాణానికి మళ్ళీ ఇదే రోడ్డు పట్టకండి, కాంబ్రియా నుంచి 46 ఎక్కి 101 మీద ఇంటికొచ్చేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఎలక్ట్రిక్ కారు సంగతి అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా: మధ్యలో ఛార్జింగ్ మీద ఆధారపడకండి, కార్మెల్‌కి ముందే ఫుల్ చేసుకోండి, కొండెక్కుతూ దిగుతూ వెళ్ళే దారిలో బ్యాటరీ లెక్క మామూలు హైవే మీద ఉన్నట్టు ఉండదు. ఆ వెనక చెయ్యెత్తినవారు, చెప్పండి.