రుద్దితే విద్యుదావేశం పుడుతుందా?

నమస్కారం. ఇప్పుడు తెరపై మీరు చూస్తున్నది మామూలు ప్లాస్టిక్ దువ్వెన. పొడి జుట్టును దీనితో కొంతసేపు దువ్వి, కాగితపు ముక్కల దగ్గరికి తేగానే అవి లేచి దీనికి అంటుకుంటున్నాయి. రుద్దడం వల్ల విద్యుదావేశం పుట్టిందని, అందుకే ఇలా జరిగిందని చాలామంది చెబుతారు. నిజానికి ఇక్కడ కొత్తగా ఆవేశమేదీ పుట్టలేదు. అంతకుముందే ఉన్నది ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు మారింది. స్థిర విద్యుత్తులో తక్కినదంతా ఈ ఒక్క సంగతిపైనే ఆధారపడి ఉంది కనుక, దీన్ని తేటతెల్లం చేసిన ఒక పాత ప్రయోగంతో మొదలుపెడదాం.

1747లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నుంచి లండన్‌లోని పీటర్ కాలిన్సన్‌కు రాసిన లేఖలో ఈ ప్రయోగాన్ని వివరించారు. మైనంపై నిలబడిన ఒక వ్యక్తి గాజు గొట్టాన్ని రుద్దుతాడు. మైనంపైనే నిలబడిన రెండో వ్యక్తి ఆ గొట్టం దగ్గరికి వేలు చాపి దాని ఆవేశాన్ని అందుకుంటాడు. మైనం విద్యుత్ బంధకం కనుక ఇద్దరి ఆవేశమూ నేలలోకి పోదు. నేలపై ఉన్న మూడో వ్యక్తి వీరిలో ఎవరి దగ్గరికి వేలు తెచ్చినా చిటుక్కుమని రవ్వ వస్తుంది. అయితే ఆ మొదటి ఇద్దరే ఒకరినొకరు తాకితే ఇంకా బలమైన రవ్వ వచ్చి, ఆపైన ఇద్దరిలోనూ ఆవేశం జాడ ఉండదు. ఒకరికి ఎంత పెరిగిందో మరొకరికి అంతే తగ్గిందని, రెండూ కలిస్తే లెక్క సరిపోయిందని ఫ్రాంక్లిన్ గ్రహించారు. ధన, రుణ ఆవేశాలన్న విభజనను ఆయన ఈ ఆలోచనతోనే చేశారు. ఇంత సాదా ఏర్పాటుతో ఆవేశం కొత్తగా పుట్టదు, నశించదు అనే ఆవేశ నిత్యత్వమంతటి నియమాన్ని పట్టుకోవడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని గొప్ప ఘట్టాల్లో ఒకటని నా అభిప్రాయం.

మారుతున్నది ఏమిటో తెలియడానికి మరో 150 ఏళ్లు పట్టింది. 1897లో జె.జె. థామ్సన్ రుణావేశమున్న ఎలక్ట్రాన్‌ను గుర్తించారు. పరమాణు కేంద్రకంలోని ధనావేశపు ప్రోటాన్లు రుద్దినంత మాత్రాన కదలవు. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లలో కొన్ని మాత్రం ఉపరితలం నుంచి జారిపోగలవు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న వస్తువు ధనావేశితం, అందుకున్నది రుణావేశితం అవుతాయి.

ఎన్ని ఎలక్ట్రాన్లు మారతాయన్నది తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పది గ్రాముల దువ్వెనలో ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య రాయాలంటే దాదాపు 3 పక్కన 24 సున్నాలు పెట్టాలి. కానీ గాలిలో ఒక ఉపరితలం బాగా ఆవేశితమైనప్పుడు కూడా, పైపొరలోని సుమారు లక్ష పరమాణువులకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున మాత్రమే హెచ్చుతగ్గు ఉంటుంది. అంతకు మించితే చుట్టూ ఉన్న గాలి తట్టుకోలేదు. ఒక మిల్లీమీటరు దూరానికి దాదాపు 3,000 వోల్టులు దాటితే గాలి తానే వాహకమై ఆవేశాన్ని రవ్వ రూపంలో వదిలేస్తుంది.

ఇక్కడ రుద్దడం కూడా తప్పనిసరి కాదు. రెండు భిన్న పదార్థాలు తాకి విడిపోతే చాలు, రుద్దడం ఆ తాకే చోట్లను పెంచుతుంది. లోహాల విషయంలో ఈ బదిలీకి కారణం బాగానే తెలుసు. ప్లాస్టిక్, ఉన్ని వంటి బంధకాల్లో మాత్రం కదిలేవి ఎలక్ట్రాన్లేనా, అయాన్లా (ఆవేశమున్న పరమాణువులు లేదా అణువులు), లేక ఉపరితలం నుంచి ఊడివచ్చే అతిసూక్ష్మమైన పదార్థపు తునకలా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా సాగుతూనే ఉంది.

ఇక కాగితపు ముక్కల సంగతి. వాటిని మనం దేనితోనూ రుద్దలేదు, వాటికి ఆవేశమూ లేదు, అయినా ఆకర్షణకు లోనయ్యాయి. రుణావేశమున్న దువ్వెన దగ్గరికి రాగానే కాగితపు అణువుల్లోని ఎలక్ట్రాన్లు రవ్వంత వెనక్కి జరుగుతాయి, దాంతో దువ్వెన వైపు ధనావేశం, అవతలి వైపు రుణావేశం పైచేయి అవుతాయి. దగ్గరి ఆవేశంపై ఆకర్షణ, దూరపు ఆవేశంపై వికర్షణ పనిచేస్తాయి. 1785లో కులూంబ్ నిరూపించినట్లు దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది కనుక ఆకర్షణదే గెలుపు. కాసేపటికి కొన్ని ముక్కలు దూరంగా ఎగిరిపడటం కూడా గమనించండి. అవి దువ్వెనను తాకి అదే రకపు ఆవేశాన్ని తీసుకున్నాయి, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి.

తాకకుండానే ఒక లోహాన్ని ఆవేశితం చేసే పద్ధతిని ప్రేరణ అంటారు. 1775లో వోల్టా ప్రచారంలోకి తెచ్చిన ఎలక్ట్రోఫోరస్ దీనికి చక్కని ఉదాహరణ. ఉన్నితో రుద్దిన ప్లాస్టిక్ పలకపై బంధకపు పిడి ఉన్న లోహపు పళ్లెం పెట్టండి. పళ్లెం పలకపై ఆనినా నిజంగా తాకేది కొద్ది చోట్లే కనుక, పలకలోని ఆవేశం దాదాపు అలాగే ఉండిపోతుంది. పళ్లెంలోని ఎలక్ట్రాన్లు ఆ రుణావేశపు వికర్షణకు పైవైపు చేరతాయి. పైన వేలితో తాకితే అవి మీ శరీరంలోకి వెళ్లిపోతాయి. వేలు తీసి పళ్లాన్ని ఎత్తితే అది ధనావేశితమై ఉంటుంది. పలకను మళ్లీ రుద్దకుండానే దీన్ని ఎన్నోసార్లు చేయవచ్చు. అలాగని శక్తి ఉచితంగా రావడం లేదు. ఆకర్షణకు ఎదురుగా పళ్లాన్ని ఎత్తే మీ చెయ్యే ప్రతిసారీ పని చేస్తోంది.

గాలిలో తేమ ఉంటే వస్తువులపై పలుచని నీటి పొర ఏర్పడి ఆవేశం జారిపోతుంది. అందువల్ల ఈ ప్రయోగాలకు విశాఖపట్నం వానాకాలం కన్నా హైదరాబాద్ ఫిబ్రవరి మధ్యాహ్నం అనుకూలం. చలిదేశాల్లో హీటర్లు నడిచే ఇళ్లలో ఉండే మనవాళ్లకు తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనే అనుభవం కొత్త కాదు.

ఆ చురుకులో కొన్ని వేల వోల్టులున్నా శక్తి కొన్ని మిల్లీజౌళ్లే కనుక మనిషికి హాని లేదు. పెట్రోలు ఆవిరి గాలితో తగు పాళ్లలో కలిసినప్పుడు మాత్రం మిల్లీజౌలులో నాలుగో వంతు శక్తికే అంటుకోగలదు. అందుకే బంకులో ట్యాంకర్ నుంచి పెట్రోలు దింపేటప్పుడు గొట్టం కలపకముందే ఎర్తింగ్ తీగ తగిలిస్తారు. ట్యాంకర్‌కూ భూమికీ మధ్య హెచ్చుతగ్గు ఏదైనా ఉంటే, ఆవిరి బయటికి రాకముందే ఆ తీగ గుండా సర్దుకుంటుంది.